వచ్చిన డబ్బు, రావలసిన డబ్బు
(అమలాపురంలో కామర్స్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆకివీడు దగ్గర మాకు నాలుగెకరాల చేపల చెరువు ఉండేది. ఏడాది కౌలు ముందే చేతికొచ్చేది. ఆ రోజు ఇంట్లో పండగే. మా అమ్మ మాత్రం "అప్పుడే మనదైపోయిందా? ఏడాది గడవద్దూ?" అనేది. ఒక ఏడు అక్టోబరు వానలకు గట్టు తెగింది, కౌలుదారు వెళ్లిపోతానన్నాడు. మిగిలిన ఐదు నెలల సొమ్ము వెనక్కి ఇవ్వాలి. బీరువాలో లేదు. అప్పు తెచ్చి ఇచ్చాం.

బీమా కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు 'ఆర్జించని ప్రీమియం నిల్వ' అని పెద్ద అంకె కనిపిస్తుంది. అది అమ్మ మాటే. అక్టోబరు 1న మీరు బండికి 12,000 రూపాయలు కట్టి ఏడాది పాలసీ తీసుకున్నారనుకోండి. మార్చి 31 నాటికి గడిచింది 182 రోజులు. కంపెనీ ఆదాయంగా చూపుకోగలిగేది సుమారు 5,984. మిగతా 6,016 మీ బండి ఇంకా తిరగాల్సిన రోజులది. ఆడిట్‌లో చేరిన కొత్తలో ఈ అంకె చూసి, ఇంత అప్పుల్లో ఉన్నారేంటని నేను కంగారుపడ్డాను. నిజానికి వ్యాపారం పెరుగుతుంటే ఇదీ పెరుగుతుంది.

ఇక రావలసినవి. మన వైపు రొయ్యల మేత షాపు ఖాతా పుస్తకం నిండా అరువులే, పట్టుబడి అయ్యాకే వసూలు. బీమాలో అలా కుదరదు. 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందు అందితేనే రిస్కు మొదలవుతుంది. మరి బాకీలు ఎక్కడివి?

జీవిత బీమాలో గ్రేస్ పీరియడ్, అంటే కట్టాల్సిన తేదీ దాటాక ఇచ్చే అదనపు గడువు, ఉంటుంది: నెలవారీ కట్టేవాళ్లకు 15 రోజులు, మిగతావాళ్లకు 30. ఆ గడువులో ఉన్న ప్రీమియం రావలసినదిగా కనిపిస్తుంది. అది చిన్న సంగతి. జనరల్ బీమాలో రిస్కు పంచుకున్న తోటి కంపెనీలు, రీఇన్సూరెన్స్ వాళ్లు (బీమా కంపెనీలకే బీమా చేసేవాళ్లు) ఇవ్వాల్సినవి ఉంటాయి. వీటన్నిటికంటే ఆసక్తికరమైనది పంట బీమా.

2016లో వచ్చిన కేంద్ర పంట బీమా పథకం ఫసల్ బీమాలో సార్వా వరికి రైతు వాటా 2 శాతం. ఎకరాకు 40,000 బీమా, అసలు ప్రీమియం రేటు 12 శాతం అనుకుందాం. మొత్తం 4,800. రైతు కట్టేది 800. మిగతా 4,000 కేంద్రం, రాష్ట్రం సగం సగం. రైతు వాటా వెంటనే వస్తుంది. సర్కారు వాటా ఫైళ్ల మీదుగా నడిచి రావాలి. వచ్చేదాకా అది కంపెనీ ఆస్తుల్లో బాకీగా కూర్చుంటుంది. రాష్ట్ర వాటా ఆలస్యమై రైతుకు పరిహారమూ ఆగిన సందర్భాలు దేశంలో చాలానే ఉన్నాయి. కనుక ఆస్తుల్లో ఈ అంకె చూసినప్పుడు ఎంత అన్నదానికంటే, ఎవరివ్వాలి, ఎన్నాళ్లయింది అని అడగండి. సర్కారు ఎగ్గొట్టదు, నిజమే. కానీ క్లెయిము కట్టడానికి కావలసింది చేతిలో డబ్బు.

నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా దీన్ని తేలిగ్గా తీసుకోదు. కంపెనీకి సాల్వెన్సీ నిష్పత్తి, అంటే క్లెయిములు కట్టే స్తోమతను కొలిచే అంకె, కనీసం 1.5 ఉండాలి. అది లెక్కించేటప్పుడు 30 రోజులు దాటినా వసూలు కాని మామూలు (సర్కారు పథకాలవి కాని) ప్రీమియం బకాయికి విలువ సున్నా. మన మేత షాపాయన ఈ రూలు వింటే, ఆ పూటే షట్టర్ దించేస్తాడు.