గొర్రె ఎద చక్రంలో ఎఫ్‌ఎస్‌హెచ్ ఎందుకు రూపు మారుస్తుంది?

[తెరపై: గరివిడి దగ్గర వరి కోసిన మళ్ళలో మంద. పొట్టేలు ఒక గొర్రె వెనకే నడుస్తూ, మూతి పైకెత్తి పెదవి ముడుస్తుంది.]

చూడండి, ఈ గొర్రె తోక ఆడిస్తోంది. పొట్టేలు మీదికొచ్చినా కదలడం లేదు. ఎదకొచ్చింది. ఎద 24 నుంచి 36 గంటలు ఉంటుంది. ఇప్పుడు చూలు కట్టకపోతే మళ్ళీ 17 రోజులకు వస్తుంది.

అండం ఉన్న బుడగను పెంచేది ఎఫ్‌ఎస్‌హెచ్, పగలగొట్టేది ఎల్‌హెచ్. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఈ రెండు హార్మోన్లనూ వదులుతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. అయితే ఎఫ్‌ఎస్‌హెచ్ అంటే ఒకే పదార్థం కాదు. రక్తంలో ఎప్పుడూ దాని రకరకాల రూపాలు కలిసే తిరుగుతుంటాయి.

[తెరపై: రెండు గొలుసుల ప్రొటీన్ బొమ్మ. నాలుగు చోట్ల చక్కెర కొమ్మలు మొలుస్తాయి.]

ప్రొటీన్ మారదు. దాని మీద నాలుగు చోట్ల అతుక్కునే చక్కెర కొమ్మలే మారతాయి. కొమ్మల చివర సయాలిక్ ఆమ్లం అనే చక్కెర ఎంత ఎక్కువుంటే ఆ రూపానికి ఆమ్ల గుణం అంత ఎక్కువ. వానలో గొంగళి కప్పుకున్న కాపరిని తలచుకోండి. ఎక్కువసేపు నిలబడగలడు, కానీ చేతులు చురుగ్గా ఆడవు. సయాలిక్ ఆమ్లం దండిగా ఉన్న రూపమూ అంతే: కాలేయం దాన్ని త్వరగా పట్టుకోలేదు కాబట్టి రక్తంలో చాలాసేపు ఉంటుంది, గ్రాహకానికి, అంటే కణం మీద హార్మోన్‌ను పట్టుకునే చోటుకు, మాత్రం గట్టిగా అతుక్కోదు. గొంగళి తీసేసిన రూపం చురుగ్గా పనిచేసి త్వరగా పోతుంది.

[తెరపై: 17 రోజుల గీత.]

ఎద అయ్యాక దాదాపు రెండు వారాలు, మళ్ళీ ఎద రాకుండా ఆపే హార్మోన్ ప్రొజెస్టిరాన్‌దే పెత్తనం. ఆ రోజుల్లో ఎల్‌హెచ్ మూడు నాలుగు గంటలకోసారి చిన్న అలగా వస్తుంది. 12, 13 రోజుల నాటికి పిండం ఉన్నట్టు గర్భసంచికి సంకేతం అందకపోతే, అది ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం వదిలి, పగిలిన బుడగ చోట ఏర్పడి ప్రొజెస్టిరాన్ ఇచ్చే పసుపు గడ్డను కరిగించేస్తుంది. ఆఖరి రెండు మూడు రోజుల్లో కథ వేగం అందుకుంటుంది: ఎల్‌హెచ్ అలలు గంటకొకటి అవుతాయి, పెరిగే బుడగ ఎద తెచ్చే హార్మోన్ ఈస్ట్రోజన్ వదులుతుంది, ఆ ఈస్ట్రోజన్ ప్రభావంతో పిట్యూటరీ చక్కెర తొడిగే తీరే మారి తక్కువ ఆమ్ల రూపాల, అంటే గొంగళి తీసేసిన చురుకైన రూపాల, వాటా పెరుగుతుంది. ఎద మొదలైన కాసేపటికే ఎల్‌హెచ్ ఉప్పెన. దాని తర్వాత దాదాపు ఒక రోజుకు, అంటే ఎద ముగిసే వేళకు, అండం విడుదలవుతుంది.

అందుకే రక్త పరీక్షలో వచ్చే అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ప్రతిరక్షకాలతో (యాంటీబాడీలతో) కొలిచే పరీక్ష ఎంత హార్మోన్ ఉందో చెబుతుందే తప్ప అది ఎంత పని చేస్తుందో చెప్పదు.

[తెరపై: ఐస్ పెట్టెలో పొడిమందు సీసా, పక్కనే నూలుదారం వేలాడే స్పాంజి.]

మందుల లెక్కా ఇక్కడే ఉంది. గొర్రెలో ఎఫ్‌ఎస్‌హెచ్ పనే చేసే హార్మోన్ పీఎంఎస్‌జీని చూలు గుర్రపు రక్తం నుంచి తీస్తారు. దాని బరువులో దాదాపు 45 శాతం చక్కెరే, అందులో సయాలిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. అంటే అది మందపాటి గొంగళి కప్పుకున్న మందు. ఒక్క ఇంజెక్షన్ రోజుల తరబడి పనిచేస్తుంది. పిట్యూటరీ నుంచి తీసిన ఎఫ్‌ఎస్‌హెచ్ అలా కాదు, ఎక్కువ అండాలు కావాలంటే పూటకొకటి చొప్పున మూడు నాలుగు రోజులు పొడవాలి.

మందను ఒకేసారి ఎదకు తేవాలంటే పశువైద్యుడి చేత ప్రొజెస్టిరాన్ స్పాంజి యోనిలో 12 నుంచి 14 రోజులు పెట్టించండి. తీసిన రోజే పీఎంఎస్‌జీ 300 నుంచి 400 యూనిట్లు కండకు ఇస్తారు. సీసాను 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి, ఇచ్చే ముందే కలపాలి, నురగ వచ్చేలా ఊపకూడదు. స్పాంజి తీసేటప్పుడు కాస్త వాసన, ద్రవం రావడం మామూలే. దారం కనిపించకపోతే స్పాంజి ఊడిపోయిందనుకోకండి, లోపలికి పోయిందేమో వైద్యుడు చూడాలి.

పొరపాటు ఎక్కువగా జరిగేది మోతాదు దగ్గరే. రెండు పిల్లలు వస్తాయని మందు పెంచితే ఆ గొంగళి మందు ఆగమన్నా ఆగదు. బుడగలు పగలకుండా మిగిలిపోతాయి, లేదా మూడు నాలుగు పిల్లలు పడి బక్కగా పుట్టి చనిపోతాయి. ఏటా అదే గొర్రెకు పదేపదే ఇస్తే ఒంట్లో ప్రతిరక్షకాలు పుట్టి మందు పట్టడం తగ్గుతుంది. ఎండిపోయిన గొర్రెకు అసలు ఇవ్వకండి. ముందు రెండు మూడు వారాలు రోజుకు 200 గ్రాముల చోళ్ళో ఉలవలో పెట్టి ఒళ్ళు చేయనివ్వండి.

[తెరపై: పొట్టేలు రొమ్ముకు జాజు పూస్తున్న చేయి.]

స్పాంజి తీసిన 36 గంటలకు పొట్టేళ్ళను వదలండి, పది గొర్రెలకు ఒకటి చొప్పున. మామూలు మందలో పాతిక, ముప్పైకి ఒకటి సరిపోతుంది. కానీ ఇక్కడ అన్నీ ఒకే రోజు ఎదకొస్తాయి. జాజును ఆముదంలో ముద్దగా కలిపి పొట్టేలు రొమ్ముకు రెండు రోజులకోసారి పూయండి. దాటిన గొర్రె నడుము మీద ఎర్ర మచ్చ పడుతుంది. 14వ రోజున జాజు తీసి అంతకంటే ముదురు రంగు ముద్దకు మారండి. ఎర్ర మచ్చ మీద ఆ ముదురు రంగు పడిందా, ఆ గొర్రె చూలు కట్టలేదు.