డిస్క్ ఎర్రర్‌కు ఏ కోడ్ ఇవ్వాలి?

(విజయవాడలో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

డిస్క్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, రాసేటప్పుడు ఎర్రర్ కోడ్ (ఏ లోపం వచ్చిందో పైనున్న ప్రోగ్రాంకు చెప్పే అంకె) సంగతి చివర్లో, హడావిడిగా తేల్చేస్తుంటారు. ఏమొచ్చినా ఈఐఓ (EIO, ఇన్‌పుట్/అవుట్‌పుట్ లోపం), అంటే 5, పైకి పంపేస్తే పనైపోయిందనుకుంటారు. నేనలా ఒప్పుకోను. కోడ్ అందుకున్న ప్రోగ్రాం ఆ తర్వాత ఏం చెయ్యాలి? ముందు అది ఆలోచించి, ఆపైనే అంకె ఎంచుకోవాలి.

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ జోరుగా ఉందనుకోండి. ఒక కమీషన్ దుకాణం లెక్కల సర్వర్ థిన్ పూల్ మీద నడుస్తోంది. అంటే ఉన్న చోటు కంటే ఎక్కువ ఉన్నట్టు చూపించే స్టోరేజీ. అది నిండిపోయింది. ఎస్‌సీఎస్‌ఐ (SCSI, డిస్క్‌లు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి) పరికరం ఈ సంగతిని 'డేటా ప్రొటెక్ట్' సెన్స్ కీతో (లోపం ఏ రకమో చెప్పే సంకేతంతో), చోటు కేటాయించలేకపోయానన్న అదనపు కోడ్ జతచేసి చెబుతుంది. లైనక్స్ దాన్ని 28గా, ఈనోస్పేస్‌గా (ENOSPC, చోటు లేదు) మారుస్తుంది. అది చూసినవాళ్లు పూల్ పెంచుతారు. అదే 5 వస్తే? డిస్క్ పోయిందని టెన్షన్ పడి కొత్తదాని కోసం పరుగెడతారు. టిక్కీలు కాటా దగ్గరే ఉంటాయి, బిల్లు రాదు.

మల్టీపాత్‌లో, అంటే ఒకే డిస్క్‌కు ఒకటి కంటే ఎక్కువ దారులున్నచోట, ఈ తేడా ఇంకా ముఖ్యం. కేబుల్ వైపు లోపమైతే కోడ్ ఈనోలింక్ (ENOLINK). ఇంకో దారిలో మళ్లీ ప్రయత్నించాలి. సెక్టారే, అంటే డిస్క్‌లో డేటా ఉండే చిన్న ముక్కే, చెడిపోతే ఏ దారిలో వెళ్లినా అదే సెక్టార్. రెండింటికీ 5 ఇచ్చేస్తే, దారిదే తప్పనుకుని బాగున్న దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోతాయి. 2017లో లైనక్స్ 4.13 కెర్నల్‌తో (కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) బ్లాక్ లేయర్‌కు, అంటే అందులో డిస్క్ పనులు చూసే పొరకు, సొంత స్టేటస్ కోడ్‌లు వచ్చాయి. నా ఉద్దేశంలో అది చాలా మంచి పని.

అలాగని ప్రత్యేకమైన కోడ్ ఇస్తే సరిపోదు, అది పైన ఇంకెవరి వాడుకలో ఉందో కూడా చూడాలి. చెడిన సెక్టార్‌కు బ్లాక్ లేయర్ ఇచ్చేది ఈనోడేటా (ENODATA), 61. ఎక్స్‌ఎఫ్‌ఎస్ (XFS) అనే ఫైల్ సిస్టమ్‌లో ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్లను (ఫైల్‌కు పేరుతో జతచేసే అదనపు వివరాలను) చూసే ప్రోగ్రాం భాగానికి అదే అంకె "ఆ పేరుతో యాట్రిబ్యూట్ లేదు" అన్న జవాబు. డిస్క్ చదవలేకపోతే, అసలు లేనే లేదని చెప్పేసే ప్రమాదం! కొన్ని సందర్భాల్లో కెర్నలే కూలిపోవచ్చు. 2025లో దీన్ని సరిచేశారు: యాట్రిబ్యూట్లు చదివేచోట డిస్క్ నుంచి వచ్చిన ఈనోడేటాను ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఈఐఓగా మార్చేస్తుంది. చూశారా, ఇక్కడ 5 సరైన జవాబైంది. కింద మల్టీపాత్‌కు వివరం కావాలి. పైన యాట్రిబ్యూట్ అడిగినవాడికి "చదవలేకపోయాను" అంటే చాలు. అందుకే ఒక పొర నుంచి ఇంకో పొరకు వెళ్లేచోట కోడ్‌ను మళ్లీ ఆలోచించి మార్చాలి, ఉన్నదున్నట్టు తోసేయకూడదు.

పొరను బట్టి కోడ్ మారడాన్ని మీ ల్యాప్‌టాప్‌లోనే, వర్చువల్ మెషీన్‌లో చూడొచ్చు. ఉత్తుత్తి డిస్క్‌ను సృష్టించే ఎస్‌సీఎస్‌ఐ డీబగ్ (scsi_debug) మాడ్యూల్‌ను ఆప్ట్స్ (opts) విలువ 2తో లోడ్ చేయండి. ఆ డిస్క్‌లో 4660వ సెక్టార్ చదివితే మీడియం ఎర్రర్, అంటే సెక్టార్ చెడిందన్న లోపం, వస్తుంది. డీడీ (dd) కమాండ్‌తో ఒకసారి మామూలుగా, ఒకసారి డైరెక్ట్ ఫ్లాగ్ పెట్టి (కెర్నల్ క్యాష్‌ను వాడకుండా నేరుగా) చదవండి. రెండుసార్లు వచ్చిన మెసేజ్‌లు పక్కపక్కన రాసుకుని, తేడా ఎందుకొచ్చిందో కెర్నల్ కోడ్‌లో వెతకండి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.