పిల్లల బూటు ఏ కోడు కిందికి వస్తుంది?

శ్రోతలందరికీ నమస్కారం. అడుగు వేసినప్పుడల్లా మడమ దగ్గర లైటు వెలిగే పిల్లల బూట్లు మీరు చూసే ఉంటారు. ఈ రోజు మాట్లాడేది వాటి గురించే. బయటి దేశం నుంచి అలాంటి సరుకు తెప్పించుకునే మన బేగంబజార్ వ్యాపారి బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రంలో, సరుకు ఏ రకమో చెప్పే కోడు ఏది రాయాలి? 2011 నుంచి ఆ కోడు రాసే బాధ్యత దిగుమతిదారుడిదే. కోడు తప్పితే సంజాయిషీ ఆయనే ఇచ్చుకోవాలి.

పాదరక్షలది కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే సుంకాల పట్టికలో, 64వ అధ్యాయం. సోలూ, పైభాగమూ రెండూ రబ్బరో ప్లాస్టిక్కో అయితే మామూలుగా 6402. రబ్బరు సోలు మీద తోలు పైభాగం ఉంటే 6403, బట్ట ఉంటే 6404. స్థూలంగా ఇంతే.

ఇప్పుడు ఒక బూటు చేతిలోకి తీసుకుందాం. వేళ్ల దగ్గరా, మడమ దగ్గరా మెరిసే రెక్సిన్. పక్కల గాలి ఆడే జాలీ బట్ట. పైన కార్టూన్ బొమ్మ, అంచున రంగు పట్టీ, మడమలో లైటు. సప్లయర్ ఇన్‌వాయిస్‌లో మాత్రం ‘క్యాన్వాస్ షూ’ అని రాశాడు. చాలామంది అదే చూసి 6404 వేసేస్తారు. దయచేసి అలా వేయకండి. ఇన్‌వాయిస్ కాదు, బూటు చూడండి.

లైటు ఉన్నంత మాత్రాన అది ఎలక్ట్రిక్ సామాను కాదు, బూటే. పైభాగానికి బయటివైపు ఏ పదార్థం ఎక్కువ విస్తీర్ణంలో ఉందో అదే లెక్క. బొమ్మ, అంచు పట్టీ, బకిల్ వంటి అలంకారాలను లెక్కలోంచి తీసేయాలి. మరి రెక్సిన్ సంగతి? వెనక్కి తిప్పితే బట్టే. కానీ పైనున్న ప్లాస్టిక్ పొర కంటికి కనిపిస్తే చాలు, అధ్యాయం నోట్ ప్రకారం అది ప్లాస్టిక్కే. నాకు ఈ నియమం చాలా ఇష్టం. ల్యాబ్ అక్కర్లేదు, కన్ను చాలు. అంటే మన బూటులో జాలీ కంటే రెక్సిన్ ఎక్కువుంటే అది 6402.

ఇంకో మెలిక ఉంది. ఆ రెక్సిన్ ముక్క బలం కోసం పైన కుట్టిందా, లేక అదే పైభాగమా? బలం కోసం కుట్టిందైతే దాన్నీ లెక్కలోంచి తీసేయాలి. యూరప్ టారిఫ్‌లో దీనికి చక్కని పరీక్ష రాశారు: ఆ ముక్క తీసేస్తే కింద కనిపించేది పైభాగంగా పనికొచ్చే పదార్థం కావాలి, ఉత్త లైనింగ్ కాకూడదు. మనకూ ఆలోచించడానికి అది మంచి దారి.

చంటిపిల్లల అల్లిక బూటీల సంగతి ఒక్క మాటలో చెప్తాను. విడిగా సోలు అంటించడమో, కుట్టడమో చేయకపోతే అవి 64లోకే రావు, బట్టల అధ్యాయాల్లోకి పోతాయి.

సుంకం ఒకటే కదా, ఏ కోడైతే ఏమిటి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. వాణిజ్య ఒప్పందాల కింద వచ్చే రాయితీ కోడును బట్టే ఉంటుంది.

అందుకే ఆర్డరుకు ముందే ఒక జత శాంపిల్ తెప్పించండి. ఒక బూటు విప్పి, ముక్కలను గళ్ల కాగితం మీద పరిచి కొలవండి. ఫోటో తీసి ఉంచండి. అప్పటికీ అనుమానం తీరకపోతే అడ్వాన్స్ రూలింగ్, అంటే ఏ కోడో ముందే తేల్చి చెప్పే అధికారిక నిర్ణయం, అడగండి. ఢిల్లీలో, ముంబైలో ఆ అథారిటీలున్నాయి. దరఖాస్తు అందిన 3 నెలల్లో తేల్చాలని చట్టం. చట్టమో, వాస్తవాలో మారకపోతే ఆ నిర్ణయం కొన్నేళ్లు చెల్లుతుంది. కంటైనర్ సనత్‌నగర్ డిపోలో దిగాక అంత కాలం ఆగడం కుదరదు, సరుకు విడిపించడం ఆలస్యమైనందుకు కట్టే డెమరేజ్ రోజురోజుకీ పెరుగుతుంది. అడిగేదేదో డబ్బు కట్టకముందే అడగండి.