రాక్‌లాండ్ కౌంటీలో ఒక చిన్న పార్టీ ప్రైమరీ

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికా ఎన్నికలంటే అందరూ అధ్యక్ష పదవి గురించే మాట్లాడతారు. నేను ఈరోజు ఒక కౌంటీ గురించి, అంటే మన జిల్లా లాంటి దాని గురించి, అక్కడ ఒక చిన్న పార్టీకి జరిగిన ప్రైమరీ గురించి చెబుతాను. ప్రైమరీ అంటే, తమ అభ్యర్థి ఎవరో పార్టీ సభ్యులే ఓటేసి తేల్చుకునే ఎన్నిక. ఆ ప్రైమరీలో పోలైన ఓట్లు వందల్లోనే. వేలల్లో కాదు, లక్షల్లో కాదు, వందల్లోనే. ఏడున్నర లక్షలకు పైగా జనాభా ఉన్న నియోజకవర్గంలో, ఆ వందల ఓట్లతోనే ఒక పార్టీ టికెట్ దాని నాయకుల చేతుల్లోంచి జారిపోయింది.

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నదికి పడమటి ఒడ్డున రాక్‌లాండ్ కౌంటీ ఉంది. అమెరికా పార్లమెంటు దిగువ సభకు సంబంధించి ఇది 17వ నియోజకవర్గం కిందికి వస్తుంది. పట్నమ్ కౌంటీ, వెస్ట్‌చెస్టర్, డచెస్ కౌంటీల్లో కొంత భాగం కూడా అందులోవే. 2022లో ఇక్కడ రిపబ్లికన్ అభ్యర్థి మైక్ లాలర్ గెలిచారు. మెజారిటీ రెండు వేల ఓట్లు కూడా లేదు. అందుకే 2024 నాటికి రెండు పెద్ద పార్టీలూ ఈ సీటు మీద కన్నేశాయి. డెమొక్రాట్ల తరఫున మాజీ సభ్యుడు మాండేర్ జోన్స్ నిలబడ్డారు. ఆయన పెరిగింది రాక్‌లాండ్‌లోని స్ప్రింగ్ వ్యాలీలో. లాలర్ ఉండేదీ అదే కౌంటీలో, పెర్ల్ రివర్‌లో.

ఇక మన చిన్న పార్టీ. పేరు వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ. 1998లో పుట్టింది. కార్మిక సంఘాల మద్దతుతో ఎదిగింది, డెమొక్రాట్ల కంటే కాస్త వామపక్షం వైపు నిలబడే పార్టీ. న్యూయార్క్ చట్టం తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు కాబట్టి అది కూడా చెప్పేస్తాను. అక్కడ ఒకే అభ్యర్థి రెండు మూడు పార్టీల తరఫున నిలబడవచ్చు. బ్యాలెట్ కాగితం మీద ఒక్కో పార్టీకి ఒక్కో వరస ఉంటుంది. 2024లో మొదటిది డెమొక్రాట్లది, రెండోది రిపబ్లికన్లది, మూడోది కన్సర్వేటివ్ పార్టీది, నాలుగోది వర్కింగ్ ఫ్యామిలీస్‌ది. ఒకే పేరు రెండు వరసల్లో కనిపిస్తే, రెండు చోట్ల పడ్డ ఓట్లూ కలిపి లెక్కేస్తారు. లాలర్ పేరు రెండో వరసలో, మూడో వరసలో ఉండేది. వర్కింగ్ ఫ్యామిలీస్ నాయకులు జోన్స్‌కే మద్దతిచ్చారు కాబట్టి, ఆయన పేరు మొదటి వరసలో, నాలుగో వరసలో ఉండాలని అనుకున్నారు. పెద్ద పార్టీ పేరు చూస్తే మొహం తిప్పుకునే ఓటరు కూడా నాలుగో వరసలో అదే మనిషికి ఓటేస్తాడని ఆశ. పోటీ గట్టిగా ఉన్నచోట ఆ నాలుగో వరస బంగారం.

మన దగ్గర అయితే పార్టీ అధ్యక్షుడు సంతకం పెట్టి బీ ఫారం చేతికిస్తే అభ్యర్థి ఖరారైనట్టే. న్యూయార్క్‌లో అలా కాదు. పార్టీ పెద్దలు మద్దతు ప్రకటించవచ్చు, బయటి పార్టీ మనిషి తమ వరసలో పోటీ చేయడానికి అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతికి 1947 నాటి చట్టం ఒకటి ఉంది. కానీ ఓటరు జాబితాలో తమ పార్టీ పేరుతో నమోదైన మనిషి ఎవరైనా, నియోజకవర్గంలోని పార్టీ సభ్యుల్లో 5 శాతం సంతకాలు తెస్తే పోటీకి దిగవచ్చు. పెద్దల అనుమతి అక్కర్లేదు. చిన్న పార్టీలో 5 శాతం అంటే ఎంతమంది ఉంటారు? ఒక సాయంత్రం పది వీధులు తిరిగితే సగం పని అయిపోతుంది.

అలాగే వచ్చాడు ఆంథనీ ఫ్రాస్కోన్ అనే అభ్యర్థి. ఒకప్పుడు రిపబ్లికన్‌గా నమోదైన మనిషి. పెద్దగా ప్రచారం లేదు, సభలు లేవు. వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ భావాలతో ఆయనకు ఏం సంబంధమో ఓటర్లకు తెలియదు. కానీ కాగితాల మీద ఆయన ఆ పార్టీ సభ్యుడే, చట్టానికి అది చాలు.

2024 జూన్ 25న ప్రైమరీ. డెమొక్రాట్లలో జోన్స్‌కు పోటీ లేదు, రిపబ్లికన్లలో లాలర్‌కు పోటీ లేదు. కాబట్టి ఆ రోజు ఆ నియోజకవర్గంలో ఎన్నికల సందడే లేదు. అందరి చూపూ పక్కనున్న 16వ నియోజకవర్గం మీద ఉంది. అక్కడ డెమొక్రాట్ల టికెట్ కోసం జమాల్ బోమన్, జార్జ్ లాటిమర్ మధ్య భీకర పోరు. జోన్స్ ఆ పోరులో లాటిమర్‌ను సమర్థించారు. బోమన్ వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీకి ఇష్టమైన నాయకుడు. పార్టీ వాళ్లకు కోపం వచ్చింది, జోన్స్ కోసం తిరగాలన్న ఉత్సాహం చల్లబడింది. సొంత అభ్యర్థి కోసం ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టాల్సిన వాళ్లు ఇళ్లలోనే కూర్చుంటే ఏమవుతుంది?

వర్కింగ్ ఫ్యామిలీస్ ప్రైమరీలో జోన్స్ మీద ఫ్రాస్కోన్ గెలిచాడు. ఓట్లు వందల్లోనే. ప్రైమరీకి ముందు నెలల్లో రాక్‌లాండ్ కౌంటీలో ఈ పార్టీ పేరు మీద కొత్తగా నమోదైన ఓటర్లు ఎక్కువయ్యారని అప్పటి పత్రికలు రాశాయి. ఇది రిపబ్లికన్ల పన్నాగమని వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ ఆరోపించింది. అది ఎంతవరకు నిజమన్న తీర్పు నేను చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. ఎవరు తెచ్చినా, ఎవరు తేకపోయినా, ఆ కొత్త సభ్యులు చట్టప్రకారమే వచ్చారు, చట్టప్రకారమే ఓటేశారు. తలుపు తీసి ఉంది, వాళ్లు లోపలికి వచ్చారు.

గెలిచాక ఆ వరస ఆయనదే. పార్టీకి ఇష్టం లేకపోయినా తీసేసే దారి లేదు. అప్పుడు వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ ఏం చేసిందో వింటే మనసు చివుక్కుమంటుంది. మా వరసలో ఓటేయకండి, జోన్స్‌కు డెమొక్రాట్ల వరసలో ఓటేయండి అని తన ఓటర్లను తానే బతిమాలుకుంది. ఏళ్ల తరబడి కష్టపడి, న్యూయార్క్‌లో గుర్తింపు నిలబడాలంటే కనీసం లక్షా ముప్ఫై వేల ఓట్లు తెచ్చుకోవాలన్న కొత్త నిబంధనను కూడా దాటుకొచ్చిన పార్టీ అది. ఆ నిబంధన దెబ్బకు 2020లో గ్రీన్ పార్టీ, లిబర్టేరియన్ పార్టీ గుర్తింపు పోగొట్టుకున్నాయి. అంత గట్టి పార్టీ, తన పేరు చూసి ఓటేయవద్దని చెప్పుకోవాల్సి వచ్చింది.

నవంబరులో లాలర్ దాదాపు 6 శాతం తేడాతో గెలిచారు. ఫ్రాస్కోన్‌కు 2 శాతం పడ్డాయి. కాబట్టి జోన్స్ ఓటమికి ఆ 2 శాతమే కారణమని అనడం తప్పు. కానీ 2022లో అక్కడ వచ్చిన తేడా గుర్తుంది కదా, ఒక్క శాతం కూడా లేదు. అలాంటి ఏడాది అయితే, నాలుగో వరసలో పడ్డ ఆ 2 శాతం ఫలితాన్నే మార్చేసేది.

మనకు ఇలాంటివి కొత్తేమీ కాదు. 2020 దుబ్బాక ఉప ఎన్నిక గుర్తు చేసుకోండి. టీఆర్‌ఎస్ 1,079 ఓట్లతో ఓడిపోయింది. కారు గుర్తును పోలి ఉందని ఆ పార్టీ వాళ్లు గోలపెట్టిన రొట్టెల పీట గుర్తుకు మూడు వేలకు పైగా పడ్డాయి. 2022లో మునుగోడులో రోడ్డు రోలర్ గుర్తు మీద అదే టెన్షన్. మనకు గుర్తుతో తికమక, వాళ్లకు వరసతో తికమక. తేడా ఏమిటంటే, గుర్తు ఎవరికివ్వాలో మన దగ్గర ఎన్నికల సంఘం తేలుస్తుంది. న్యూయార్క్‌లో వరస ఎవరిదో పార్టీ సభ్యులు తేలుస్తారు. ఆ సభ్యులెవరో తేల్చేది ఓటరు నమోదు ఫారంలో పెట్టే ఒక్క టిక్కు.

ఆ టిక్కు గురించే కాస్త గట్టిగా చెప్పాలి. మన తెలుగువాళ్లు ఎంతోమంది అక్కడ పౌరసత్వం తీసుకుని ఓటర్లుగా నమోదవుతున్నారు. మీ అబ్బాయో, అమ్మాయో, మేనల్లుడో అక్కడ ఉంటే వాళ్లకు ఈ మాట చేరవేయండి. ఫారంలో పార్టీ ఏది అని అడిగే చోట తొందరపడి టిక్కు పెట్టవద్దు. కాలిఫోర్నియాలో అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ అని ఒకటి ఉంది. 1968 అధ్యక్ష ఎన్నికల్లో జార్జ్ వాలెస్ పోటీ కోసం పుట్టింది. ఆయన ఎవరంటే, నల్లవారిని తెల్లవారితో కలవనివ్వకూడదని వాదించిన అలబామా నాయకుడు. ఇండిపెండెంట్ అన్న మాట చూసి, అంటే ఏ పార్టీ కాదు కదా అనుకుని, లక్షల మంది అందులో పేరు రాయించుకున్నారు. 2016లో లాస్ ఏంజిలెస్ టైమ్స్ పత్రిక సర్వే చేస్తే, ఆ పార్టీ సభ్యుల్లో దాదాపు నలుగురిలో ముగ్గురికి తాము అందులో ఉన్న సంగతే తెలియదని తేలింది. అక్కడ ఏ పార్టీ వద్దనుకునే వాళ్లు పెట్టాల్సిన టిక్కు వేరు. అది ఏ పార్టీ వద్దు అని చెప్పే గడిగా విడిగా ఉంటుంది.

న్యూయార్క్‌లో అయితే ప్రైమరీలో ఓటేయాలంటే ఆ పార్టీలో నమోదై ఉండాల్సిందే. ఏ పార్టీలోనూ లేనివాళ్లకు ఆ రోజు బ్యాలెట్ ఇవ్వరు. ఇప్పటికే ఓటరైనవాళ్లు పార్టీ మార్చుకోవాలంటే ఫిబ్రవరి 14 లోపల ఆ కాగితం ఎన్నికల కార్యాలయానికి చేరాలి. ఆ తర్వాత చేరితే జూన్ ప్రైమరీ అయిపోయేదాకా అది అమల్లోకి రాదు. ప్రేమికుల రోజు కాబట్టి ఆ తేదీ గుర్తుపెట్టుకోవడం తేలికే. తాము ఏ పార్టీ కింద ఉన్నామో చూసుకోవడం కూడా తేలికే. రాష్ట్ర ఎన్నికల బోర్డు వెబ్‌సైట్‌లో పేరు, పుట్టిన తేదీ, కౌంటీ, జిప్ కోడ్ ఇస్తే, చిరునామాతో పాటు పార్టీ పేరు కూడా చూపిస్తుంది. జనవరి మొదట్లోనే ఒకసారి చూసుకుంటే, తప్పుంటే సరిచేసుకోవడానికి ఇంకా నెల రోజుల పైనే సమయం ఉంటుంది.

సెలవు, నమస్కారం.