ఈ ఇసుక ఎక్కడిది?

అందరికీ నమస్కారం.

బల్ల మీదున్న ఈ రాయి గోదావరిఖని వైపుది. బొగ్గు పొరల మధ్య దొరికే, బరాకర్ అని పిలిచే పొరల ఇసుకరాయి, వయసు దాదాపు 28 కోట్ల ఏళ్లు. దీన్ని నేను రెండు ప్రశ్నలు అడుగుతుంటాను. ఈ ఇసుక ఏ కొండ నుంచి వచ్చింది? ఆ కొండ ఏ వాతావరణంలో చివికింది?

రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే మీ ఊరి పక్కన మొరం తవ్విన గుంతలోకి దిగండి. మొరం అంటే చివికిన గ్రానైటే. నలిపి చూస్తే పలుగురాతి (క్వార్ట్జ్) గింజలు చెక్కుచెదరకుండా ఉంటాయి, గ్రానైట్‌లోని మరో ఖనిజం ఫెల్డ్‌స్పార్ మాత్రం బంకమన్నుగా మారుతుంటుంది. వాననీటికి ముందుగా కాల్షియం, సోడియం పోతాయి, ఆ తర్వాత నిదానంగా పొటాషియం. అల్యూమినియం మాత్రం కదలదు. నెస్బిట్, యంగ్ అనే ఇద్దరు 1982లో దీన్నే ఒక సూచికగా మార్చారు. ఆ మూలకాలను ఆక్సైడ్లుగా, అంటే అల్యూమినా, సున్నం (కాల్షియంది), సోడా (సోడియంది), పొటాష్‌గా లెక్కగట్టి, అల్యూమినాను ఆ నాలుగింటి మొత్తంతో భాగించి, వందతో గుణించాలి. తూకాలతో కాదు, అణువుల లెక్కతో. తాజా ఫెల్డ్‌స్పార్‌కి 50, పూర్తిగా చివికాక మిగిలే కయోలిన్ అనే తెల్ల బంకమన్నుకి 100 వస్తుంది. వాళ్లు కెనడాలో హ్యురాన్ సరస్సు దగ్గరి పాత బురదరాళ్లను ఇలా లెక్కగడితే, హిమానీనదాలు వదిలిన పొరల్లో అంకె తక్కువగా వచ్చింది. మంచు రాతిని పిండి చేస్తుంది గానీ చివికించదు కదా. మన గోదావరి లోయలోనూ బరాకర్ కింద తాల్చిర్ పొరలున్నాయి, అవీ మంచు కాలంవే.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. ఒక నమూనాలో అల్యూమినాను 100 పాళ్లు అనుకుంటే సున్నం 50, సోడా 10, పొటాష్ 30 వచ్చాయి. భాగిస్తే 53. ఇంకేముంది, చలి వాతావరణమని ఒక పేజీ రాసిపడేశాను. మర్నాడు ఎందుకో ఆ రాతి మీద యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది! సున్నంలో ఎక్కువ భాగం గింజల్లోది కాదు, తర్వాతెప్పుడో భూగర్భజలం గింజల మధ్య అతికించిన కాల్సైట్ అనే సున్నపు ఖనిజానిది. ఇలాంటప్పుడు గింజల్లోని సున్నం సోడాను మించదనుకుని 10 పాళ్లే తీసుకోవడం వాడుక. మళ్లీ భాగిస్తే 67. అంటే ఓ మోస్తరుగా చివికిన నేల. రాసిన పేజీ చించేశాను. యాసిడ్ సీసా వెల చాలా తక్కువ, రాతిలో ఏది ఎంతుందో కొలిచే మిషన్ వెల కోట్లు. ముందు ఏది వాడాలో మీకే తెలుసు.

ఇక మొదటి ప్రశ్న. థోరియం, స్కాండియం అనే మూలకాలు నీళ్లలో అంత తేలిగ్గా కరగవు, కొండలో ఏ నిష్పత్తిలో ఉన్నాయో ఇంచుమించు అలాగే ఇసుకలోకి, బురదలోకి దిగుతాయి. గ్రానైట్‌లో థోరియం ఎక్కువ, నల్లటి లావా రాయి బసాల్ట్‌లో స్కాండియం ఎక్కువ. యూరోపియం అనే మరో మూలకం కథ వేరు. కాల్షియం చోట కూర్చుని, కాల్షియం ఉండే ఫెల్డ్‌స్పార్ అయిన ప్లాజియోక్లేజ్‌లో ఇరుక్కుంటుంది. కరిగిన రాయిగా ఉన్నప్పుడు ప్లాజియోక్లేజ్‌ని అడుగున వదిలేసి పైకొచ్చిన గ్రానైట్‌లో అది కొరవడుతుంది, ఆ లోటు ఇసుకకీ వారసత్వంగా వస్తుంది.

అయితే ఆ గ్రానైట్ కొండ ఎటువైపు ఉండేది? ఇసుకరాతిలోని ఏటవాలు పొరలు కొలిస్తే ఆనాటి నదులు వాయవ్యానికి పారాయని తెలుస్తుంది. ఈనాటి గోదావరికి సరిగ్గా ఎదురు! అంటే ఇసుక ఆగ్నేయం నుంచి వచ్చింది. అప్పుడు తూర్పు కనుమల అవతల బంగాళాఖాతం లేదు, అంటార్కిటికా ఉంది. ఇసుకలో ఉండే, వయసు కొలవడానికి వీలైన జిర్కాన్ అనే ఖనిజ గింజలను చూసి ఇసుక తూర్పు కనుమలదో అంటార్కిటికాదో తేల్చేద్దామంటే, రెండు వైపులా 90 నుంచి 100 కోట్ల ఏళ్ల నాటి రాళ్లే. ఒకప్పుడు అవి ఒకే పర్వతశ్రేణి మరి.

ఇప్పుడీ ముక్కను, లెన్స్‌ను వరసగా అందిస్తాను. తెల్ల గింజల్ని గోటితో గీకండి. కొన్ని పిండిలా రాలతాయి, అది కయోలిన్. కానీ గింజ ఆకారం చెదరకుండా ఉందా, గమనించండి. అంత మెత్తటిది నదిలో దొర్లుకుంటూ ఇక్కడిదాకా రాగలదా? రాలేదు. వచ్చినప్పుడు అది గట్టి ఫెల్డ్‌స్పారే, ఇక్కడ పూడుకుపోయాకే ఇలా మారింది. కాబట్టి ఇందాకటి 67లోనూ కొంత ఆ కొండది కాదు.