మీ ఊరి హీటింగ్ ప్లాన్‌కు డబ్బుంది, మరి పైపులకు?

నమస్కారం అండి. జర్మనీలో అద్దెకుంటున్న మన తెలుగువాళ్లను ఏటా ఒకసారి టెన్షన్ పెట్టే కాగితం ఒకటుంది. అదే నెబెన్‌కోస్టెన్ లెక్క, అంటే అద్దె కాకుండా పైన కట్టే ఖర్చుల లెక్క. అందులో హీటింగ్ ఖర్చు చూసి ఉలిక్కిపడని ఇల్లు అరుదు. రాబోయే ఇరవై ఏళ్లు అక్కడ ఎలాంటి అంకెలు పడతాయో చాలా వరకు ఇప్పుడు మీ ఊరి మున్సిపాలిటీలోనే తేలుతోంది. ఏ వీధికి వేడి ఎక్కడి నుంచి రావాలో మున్సిపాలిటీ ప్లాన్ గీస్తోంది. దీన్నే ఇక్కడ కొమ్మునాలె వేర్మెప్లానుంగ్ అంటారు. ఈ సంగతి మనవాళ్లలో చాలామంది దాకా రాలేదు, అందుకే ఈ వీడియో.

ముందు చట్టం. ఈ ప్లాన్‌ను తప్పనిసరి చేసిన వేర్మెప్లానుంగ్స్‌గెజెట్స్ అనే చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. లక్షకు పైగా జనాభా ఉన్న నగరాలకు గడువు 2026 జూన్ 30, మిగతా ఊళ్లకు 2028 జూన్ 30. పది వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు కాస్త సులువైన పద్ధతి పెట్టుకునే వీలుంది. ఇంట్లో ఎలాంటి హీటింగ్ పెట్టుకోవచ్చో చెప్పే బాయిలర్ చట్టం మీద టీవీలో నడిచే గొడవ దీనికి సంబంధించిందే అయినా, అది వేరే చట్టం. రెండూ కలిపేసుకుని "అదంతా మారిపోతుందిలే" అని వదిలేయకండి.

ఇంత తొందర ఎందుకంటే, జర్మనీలో దాదాపు సగం ఇళ్లు గ్యాస్‌తోనే వేడెక్కుతున్నాయి. 2045 నాటికి ఆ గ్యాస్ ఆగాలి. వేడి నీళ్లను పైపుల్లో వీధి వీధికీ పంపే ఫెర్న్‌వేర్మె నెట్‌వర్కులకు కూడా లెక్క పెట్టారు: 2030కి 30 శాతం, 2040కి 80 శాతం వేడి పునరుత్పాదక వనరుల నుంచో, ఫ్యాక్టరీల్లాంటి చోట్ల వృథాగా పోయే వేడి నుంచో రావాలి.

ఇక డబ్బు సంగతి. నాకు అసలు బాధ ఇక్కడే. జర్మనీ రాజ్యాంగం ప్రకారం కేంద్రం నేరుగా మున్సిపాలిటీకి పని అప్పగించకూడదు. అందుకని కేంద్రం ఆ బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టింది. రాష్ట్రాలు తమ చట్టాలతో దాన్ని మున్సిపాలిటీలకు దించాయి. పని దించినవాళ్లు ఖర్చు కూడా ఇచ్చుకోవాలి కాబట్టి, 2024 నుంచి 2028 దాకా ఏటా పది కోట్ల యూరోల చొప్పున మొత్తం యాభై కోట్లు వ్యాట్ వాటా రూపంలో రాష్ట్రాలకు వెళ్లేలా చేశారు. అంతకు ముందు, 2023 చివరి దాకా దరఖాస్తు చేసిన ఊళ్లకు ప్లాన్ ఖర్చులో 90 శాతం, ఖజానా ఖాళీగా ఉన్న ఊళ్లకైతే వంద శాతం గ్రాంటు దొరికే స్కీము ఉండేది.

ఈ డబ్బంతా ప్లాన్ రాయడానికే. సర్వే చేయడానికి, మ్యాపు గీయడానికి, కన్సల్టెంట్ ఫీజుకు. ఇల్లు కట్టుకోమని ఇంజనీరు ఫీజు చేతిలో పెట్టి, ఇటుకల సంగతి తర్వాత చూద్దాం అన్నట్టుంది. వీధులు తవ్వి పైపులు వేయడానికి బీఈడబ్ల్యూ అనే వేరే స్కీము ఉంది. 2022 సెప్టెంబరులో మొదలైంది. ముందస్తు అధ్యయనానికి 50 శాతం, నిర్మాణానికి 40 శాతం దాకా ఇస్తుంది. మంచి స్కీమే. కానీ దాని వెనుక చట్టం లేదు. ఏటా బడ్జెట్‌లో ఎంత పెడితే అంతే. 2023 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఒక్క తీర్పుతో కేంద్రం వాతావరణ నిధిలో 6,000 కోట్ల యూరోలు రద్దు చేసింది. ఈ స్కీముకు డబ్బొచ్చేది ఆ నిధి నుంచే. పైపు ఒకసారి వేస్తే నలభై యాభై ఏళ్లు ఉండాలి. వచ్చే ఏడాది గ్రాంటు ఉంటుందో లేదో తెలియని చిన్న ఊరు ఏ ధైర్యంతో అప్పు చేస్తుంది? 2025లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం ఈ స్కీమును చట్టంగా మారుస్తామని, నిధులు పెంచుతామని తన ఒప్పందంలోనే రాసుకుంది. ఆ మాట నిలబెట్టుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

డబ్బూ ప్లానూ కలిస్తే ఏమవుతుందో మన్‌హైమ్‌లో చూడొచ్చు. అది బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రం. అక్కడ పెద్ద నగరాలకు ఈ ప్లాన్ 2020లోనే తప్పనిసరి చేశారు, గడువు 2023 చివర. ఆ 2023లోనే మన్‌హైమ్‌లో రైన్ నది ఒడ్డున 20 మెగావాట్ల హీట్ పంప్ నడవడం మొదలైంది. చలికాలంలో ఐదు డిగ్రీలకు పడిపోయే నది నీళ్లలోంచి కూడా వేడి లాగి, దాదాపు 99 డిగ్రీల దాకా నీటిని కాచి పైపుల్లోకి పంపుతుంది. నది నీళ్లు కొద్దిగా చల్లబడి మళ్లీ నదిలోకే వెళ్తాయి. సుమారు 3,500 ఇళ్లకు సరిపడా వేడి అది.

అదే మన్‌హైమ్‌లో 2024 నవంబరులో ఇంకో ప్రకటన వచ్చింది: 2035 నాటికి గ్యాస్ నెట్‌వర్క్ ఆపేయాలనుకుంటున్నామని అక్కడి ఎనర్జీ కంపెనీ ఎమ్‌వీవీ చెప్పింది. జనం కంగారు పడ్డారు. పడరా మరి! నిన్నగాక మొన్న కొత్త గ్యాస్ బాయిలర్ పెట్టించుకున్నవాళ్లున్నారు. అయినా పదేళ్ల ముందే చెప్పడం మంచిదే అంటాను. కనెక్షన్లు తగ్గుతున్న కొద్దీ, గ్యాస్ పైపుల నిర్వహణ ఖర్చు మిగిలిన కొద్దిమంది మీదే పడుతుంది. పైన గ్యాస్ కాల్చినందుకు పడే కార్బన్ ధర ఒకటి, 2021లో టన్నుకు 25 యూరోలు, 2025కి 55. చివర్లో మిగిలేది ఎవరు? సొంతిల్లు ఉన్నవాళ్లు గ్రాంటు తీసుకుని హీట్ పంపుకు మారిపోతారు. అద్దెకున్నవాళ్లు మాత్రం ఓనరు మార్చేదాకా ఆగాల్సిందే. మనలో ఎక్కువమంది ఆ రెండో వర్గమే.

ఇంకో మాట గుర్తుంచుకోండి. మ్యాపులో మీ వీధిని ఫెర్న్‌వేర్మె ప్రాంతంగా చూపించినంత మాత్రాన పైపు వచ్చేసినట్టు కాదు. ఈ ప్లాన్ ఎవరికీ హక్కులూ ఇవ్వదు, బాధ్యతలూ పెట్టదు అని చట్టమే చెప్తోంది. దాన్ని చూపించి కోర్టుకెళ్లలేం. ఐదేళ్లకోసారి మళ్లీ పరిశీలించి, అవసరమైతే మారుస్తారు కూడా.

అయితే ఆ ప్లాన్ డ్రాఫ్టును నెల రోజుల పాటు జనం చూడటానికి పెట్టాలి. అభిప్రాయం రాయడానికి జర్మన్ పౌరసత్వం అడగరు. భాష రాకపోతే పక్కింటి వాళ్లనో ఆఫీసులో వాళ్లనో పట్టుకోండి. మీ ఊరి రాట్‌హౌస్, అంటే మున్సిపల్ ఆఫీసు వెబ్‌సైట్‌లో వేర్మెప్లానుంగ్ అని వెతికి, మ్యాపులో మీ వీధి ఏ రంగులో ఉందో చూడండి. ఫెర్న్‌వేర్మె అని ఉంటే రెండే అడగండి: పైపు ఏ ఏడాది వస్తుంది, దానికి డబ్బు ఎవరిస్తున్నారు? ఇప్పటి గ్యాస్‌కు బదులు హైడ్రోజన్ అని ఉంటే ఇంకా గట్టిగా అడగండి. ఇళ్లు వేడెక్కించడానికి సరిపడా హైడ్రోజన్ ఎక్కడి నుంచి, ఏ ధరకు వస్తుందో వాళ్లు చెప్పగలగాలి.

మీ ఊరి ప్లాన్‌లో ఏముందో కింద కామెంట్లలో ఊరి పేరుతో సహా రాయండి. మ్యాపు అర్థం కాకపోతే లింక్ పెట్టండి, వచ్చే వీడియోలో ఒక్కో ఊరూ తీసి కలిసి చూద్దాం.