చీపురుపుల్ల, నూలు గుడ్డ, ఒక పైలట్

పిల్లలూ, పెద్దలూ, అందరికీ నమస్కారం.

బొమ్మ విమానాలు చేసి ఎగరెయ్యడానికి ఇంత ఎండలో థర్మోకోల్ ముక్కలు, చీపురుపుల్లలు పట్టుకుని ఇంతమంది వచ్చారు. మిమ్మల్ని చూస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే ఈ రోజు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి చెబుతాను. చంద్రుడి మీద కాలుపెట్టిన కథ మీకందరికీ తెలుసు. నేను చెప్పేది అంతకుముందు కథ. బొమ్మ విమానాలు చేసుకున్న పిల్లాడి కథ, యుద్ధంలో రెక్క తెగిన జెట్ విమానాన్ని నడిపిన కుర్రాడి కథ.

1930 ఆగస్టు 5న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. ఎనిమిది, తొమ్మిదేళ్లకే బొమ్మ విమానాలు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. బొమ్మ విమానాలకి వాడే తేలికైన బాల్సా కర్రకి కరువు, పెట్రోలుకి రేషన్. చిన్న ఇంజన్ కొనాలంటే చేతిలో డబ్బు లేదు. రబ్బరు బ్యాండు మెలిపెట్టి ఎగరేసేవాడు. రెక్క మీద గాలి ఎలా పోతుందో చూడాలని ఇంటి కింది గదిలో గాలి సొరంగం కూడా తనే కట్టుకున్నాడు. మందుల షాపులో పనికి గంటకి 40 సెంట్లు. విమానం నేర్చుకోవడానికి గంటకి 9 డాలర్లు. ఒక్క గంట ఎగరాలంటే ఇరవై రెండున్నర గంటలు షాపులో నిలబడాలన్నమాట! 1946లో, పదహారో పుట్టినరోజున, విద్యార్థి పైలట్ సర్టిఫికెట్ తీసుకున్నాడు. కారు లైసెన్సు అప్పటికింకా రాలేదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ పిల్లాడి కోరిక పైలట్ కావడం కాదు, విమానాలు డిజైన్ చెయ్యడం. మంచి డిజైనర్‌కి విమానం నడపడం కూడా తెలిసుండాలి కదా అనుకుని పైలట్ అయ్యాడు. ఈ మాట పెద్దయ్యాక తనే చెప్పాడు. పైలట్‌కి బొమ్మలు సరదా అనుకుంటాం మనం. ఇతని విషయంలో బొమ్మే ముందు.

పర్డ్యూ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుకి నౌకాదళం డబ్బు కట్టింది. బదులుగా మధ్యలో కొలువు చెయ్యాలి. అలా కొరియా యుద్ధానికి వెళ్లాడు. విమానాలు ఎగిరి దిగే ఎసెక్స్ అనే యుద్ధనౌక మీద నుంచి పాంథర్ జెట్ నడిపేవాడు. 1951 సెప్టెంబరు 3న ఉత్తర కొరియాలోని వోన్‌సాన్ దగ్గర బాగా కిందుగా వెళ్తుంటే, కొండల మధ్య అడ్డంగా కట్టిన తీగ తగిలి కుడిరెక్క కొస తెగిపోయింది. సుమారు ఆరడుగుల ముక్క. అప్పటికి వయసు ఇరవై ఒకటి.

ఇదిగో, ఈ గ్లైడర్, అంటే ఇంజన్ లేని బొమ్మ విమానం, చూడండి. ముక్కుకి మైనం ముద్ద పెట్టాను, రెక్క ముందు అంచు నుంచి మూడోవంతు దగ్గర వేలి మీద నిలబడుతోంది. ఇప్పుడు కుడిరెక్క కొస కత్తిరిస్తున్నాను. గట్టిగా విసిరితే... చూశారా, కొంతదూరం బాగానే పోయింది. వేగం తగ్గగానే కుడివైపు ఒరిగి పల్టీ కొట్టింది. వేగం ఉన్నంతసేపే పొట్టిరెక్క కూడా బరువు మోస్తుంది. ఓడ మీద దిగాలంటే వేగం తగ్గించాలి. తగ్గిస్తే ఇదే జరుగుతుంది.

ఆర్మ్‌స్ట్రాంగ్ దిగే ప్రయత్నం చెయ్యలేదు. వేగం తగ్గకుండా తమవాళ్లున్న ప్రాంతం దాకా తెచ్చి, సీటుతో సహా బయటికి ఎగిరి పారాషూట్ మీద దిగాడు. సముద్రంలో పడదామనుకుంటే గాలి నేలవైపు తోసింది. తీసుకెళ్లడానికి జీపులో వచ్చింది ఎవరో తెలుసా? శిక్షణలో తన గదిలో ఉన్న స్నేహితుడే! విరిగిన రెక్కల్ని చిన్నప్పటి నుంచి చేత్తో పట్టుకుని చూసినవాడికి ఆ నిర్ణయం కాస్త తేలికై ఉంటుందని నా నమ్మకం. ఆ యుద్ధంలో మొత్తం 78 సార్లు వెళ్లి, తిరిగొచ్చి చదువు పూర్తిచేశాడు.

చంద్రుడి గురించి ఒక్క మాట చెబుతాను. 1969లో వెళ్లేటప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ తన వెంట రైట్ సోదరుల 1903 విమానం ముక్కలు రెండు తీసుకెళ్లాడు. ఒకటి ప్రొపెల్లర్ చెక్క, రెండోది రెక్కకి చుట్టిన గుడ్డ. ఆ గుడ్డ ఏమిటనుకున్నారు? మస్లిన్. సన్నని నూలు బట్ట. ఇక్కడ పొందూరు వాళ్లుంటే చెయ్యెత్తండి. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి మీ ఇళ్లలో వడికే నూలు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మొట్టమొదటి విమానం రెక్క అలాంటి నూలు మీదే లేచింది. కాస్త కర్ర, కాస్త గుడ్డ. మీ సంచుల్లో ఇప్పుడున్నవీ దాదాపు అవే.

సరే, అందరూ గ్లైడర్లు తీయండి. గాలి నాగావళి వైపు నుంచి వస్తోంది. ముక్కు అటే పెట్టి, చెయ్యి తిన్నగా చాచి, నెమ్మదిగా వదలండి. ముక్కు పైకెత్తి పడిపోతే నా దగ్గరికి రండి, మైనం ఉంది.